తార్‌బహార్ ఎముకల ఇల్లు

బిలాస్‌పూర్ వెళ్తున్నానని స్టాఫ్‌రూమ్‌లో చెప్పినప్పుడు అందరూ హిమాచల్‌లో ఉన్న బిలాస్‌పూర్ అనుకున్నారు. కొండల గురించి, స్వెట్టర్ల గురించి కాసేపు ఉత్సాహంగా మాట్లాడారు. నేను వెళ్ళేది ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న రైల్వే ఊరికని తెలిశాక, అక్కడేముందని ఒకరు అడిగారు. ఎముకలన్నాను. మాట అక్కడితో ఆగిపోయింది. తిరిగొచ్చాక ఎలా జరిగిందని ఎవరూ అడగలేదు కాబట్టి, అడగనివాళ్ళందరి కోసం ఇది రాస్తున్నాను.

నంద్యాలలో డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్తాను. వయసు యాభై దాటింది. ఉండేది ఒక్కదాన్నే. చదువుకునే రోజుల్లో బేతంచెర్ల దగ్గరి గుహలకి మమ్మల్ని తీసుకెళ్ళారు. ఇనుమూ రాగీ తెలియని కాలంలో మనుషులు ఎముకతోనూ జింక కొమ్ముతోనూ సూదులు, ములుకులు, ఈటెమొనలు చేసుకునేవారని ఆ చీకట్లో నిలబడి విన్నాను. అప్పట్నుంచీ అదే పిచ్చి. ఆ మధ్య ఒక పత్రికలో దాని మీద వ్యాసం రాస్తే, చేలో ఎముక దొరికిందనీ, బావి తవ్వితే కొమ్ము బయటపడిందనీ ఫోన్లు మొదలయ్యాయి. సెలవు దొరికితే వెళ్ళి చూసొస్తాను. దాదాపు అన్నీ కుక్కలు కొరికినవే అవుతాయి. ఎదురుచూస్తున్నవాళ్ళ ఇంటికి వెళ్ళి కాదని చెప్పి తిరిగొచ్చే మనిషిని నేను. రెండోసారి రమ్మని ఎవరూ పిలవరు.

బిలాస్‌పూర్ నుంచి ఫోన్ చేసిన పెద్దాయన పేరు సన్యాసిరావు. పట్టాలు చూసుకునే గ్యాంగ్‌కి మేట్‌గా చేసి రిటైరయ్యారు. తెలుగు సంఘం లైబ్రరీలో నా వ్యాసం చదివారట. తన దగ్గర అలాంటివి ఓ అలమారా నిండా ఉన్నాయన్నారు. డిసెంబర్ సెలవుల్లో బయల్దేరాను.

స్టేషన్ బయట

రైలు దిగేసరికి మంచు. ప్లాట్‌ఫారం చివర బొగ్గు వ్యాగన్లు ఎక్కడ మొదలయ్యాయో ఎక్కడ ఆగాయో తెలియడం లేదు. స్టేషన్ బయట ఒక బండి దగ్గర జనం గుమిగూడి ఉంటే నేనూ నిలబడ్డాను. పోహా, పైన కాసిని సన్న కారప్పూస, పక్కన వేడి జిలేబీ. ముప్ఫై రూపాయలు. చూపుకి మా నంద్యాల ఉగ్గానీకి చెల్లెల్లా ఉంది. మాదైతే బొరుగులు, పక్కన మిరపకాయ బజ్జీ, తింటే కళ్ళలో నీళ్ళు. ఇక్కడ అటుకులు, పక్కన తీపి. మొదటి ముద్దకి వింతగా అనిపించింది గానీ, ఆ చలిలో జిలేబీ ఒంట్లోకి దిగుతుంటే బాగానే ఉంది.

సన్యాసిరావుగారు నన్ను వెతుక్కుంటూ వచ్చేశారు. పొడుగ్గా, సన్నగా, మెడకి మఫ్లర్ చుట్టుకుని ఉన్నారు. నా చేతిలోని ఆకుప్లేటు చూసి, రైల్లో ఇబ్బందేమీ పడలేదు కదా అని అడిగి, సమాధానం వినకుండానే బ్యాగ్ అందుకున్నారు. దారిలో చెప్పారు: తాత విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి వచ్చాడట, తండ్రిది లోకో షెడ్‌లో పని, తాను ఇక్కడే పుట్టారు. సొంతూరు ఏదంటే మాత్రం ఇప్పటికీ ఆ ఊరి పేరే చెప్తారు. అక్కడ ఇప్పుడు తనని గుర్తుపట్టేవాళ్ళు లేరట.

తార్‌బహార్

స్టేషన్‌కి దగ్గరే తార్‌బహార్. పాత ఇళ్ళు, చిన్న దుకాణాలు, గుమ్మాల ముందు ముగ్గులు, లోపలి నుంచి హిందీ సీరియల్ పాటలు. సన్యాసిరావుగారిదీ ఆయన తమ్ముడిదీ పక్కపక్క ఇళ్ళు. మధ్యలో నడుమెత్తు గోడ. నాకు బస తమ్ముడి ఇంట్లో ఏర్పాటు చేశారు. తమ్ముడు పైడిరాజు డ్యూటీ మీద వేరే ఊరు వెళ్ళాడు. ఆయన భార్య సత్యవతి నాకు వేడినీళ్ళు తోడి, వేడన్నం పెట్టింది. ఎర్ర తోటకూరని ఇక్కడ లాల్ భాజీ అంటారు. దాన్ని విజయనగరం పద్ధతిలో ఆవపెట్టి వండింది. మా వైపు ఆవ వాడకం తక్కువ. ముక్కు అదిరింది గానీ రెండోసారి అడిగి వేయించుకున్నాను.

నేను తింటుండగానే సత్యవతి ఇంకో పళ్ళెంలో అన్నీ వడ్డించి, పెరట్లోకి వెళ్ళి గోడ మీద పెట్టింది. "బావగారూ" అని ఒక్క పిలుపు పిలిచి వెనక్కి వచ్చేసింది. అవతలి నుంచి ఒక చెయ్యి వచ్చి పళ్ళెం తీసుకుంది.

నేను చూశానని ఆమె గమనించింది. నెమ్మదిగా చెప్పింది. పెద్దాయన ఎముకలు ఏరుకు రావడం మొదలుపెట్టిన కొత్తలో వాటిని వెనకాల బొగ్గు గదిలో ఉంచేవాడట. భార్య పోయాక అవి ఇంట్లోకి, నడింట్లోకి వచ్చాయి. గొడ్డు ఎముకలో, మనిషి ఎముకలో ఎవరికి తెలుసు? చుట్టాలు రావడం మానేశారు. రాయ్‌పూర్‌లో ఉన్న కూతురు ఫోన్లోనే పలకరిస్తుంది. పైడిరాజు కూడా గుమ్మం తొక్కడు.

"ఎముకలున్న ఇంట్లో దీపం ఎలగ పెడతామండీ?" అంది సత్యవతి. "అలాగని ఆయన్ని పస్తుంచలేను కదా. ఒక్క పూట కూడా తప్పలేదు నాను."

ఆ మాట నిజమని ఆమె మొహం చూస్తే తెలుస్తోంది.

తిన్నాక ఆయన ఇంటికి వెళ్ళాను. నడింట్లో గోడ పొడుగునా చెక్క అరలు. ఒక్కో ఎముక కింద ఒక్కో గుడ్డముక్క, దుమ్మన్నది లేదు. చిన్నవి, వేలంతవి, మూరెడువి. అన్నింటి అంచుల మీదా వరసగా గీతలు. దూరం నుంచి చూస్తే ఎవరో ఓపిగ్గా చెక్కినట్టే ఉన్నాయి. ఒక్క క్షణం నేను కూడా నమ్మాను.

ఆయన ఒక్కోటీ రెండు చేతులతో అందిస్తూ పరిచయం చేశారు.

"ఈడు కుర్రోడమ్మా. గీత సూడండి, ఓ పక్కకి పోయింది. సెయ్యి ఇంకా కుదర్లేదు. ఈవిడ పెద్దామె. తొందరేటీ లేదు, గీత పక్కన గీత ఎంత నిదానంగా గీసిందో."

ఒకడికి కోపం ఎక్కువట, లోతుగా గీకాడట. ఇంకొకామె పని మధ్యలో ఎవరో పిలిస్తే లేచి వెళ్ళిపోయి ఉంటుందట, సగంలో ఆగింది. పొద్దున్నే కాఫీ తాగుతూ ఆయన వీళ్ళందరినీ పలకరిస్తారు. ఆ సంగతి ఆయన సిగ్గుపడకుండా, ఇంట్లోవాళ్ళ గురించి చెప్పినట్టు చెప్పారు.

నేను భూతద్దం పెట్టి చూశాను. గీతలు జంటలు జంటలుగా ఉన్నాయి. వెడల్పుగా, అడుగు చదునుగా. రాతి పలుకుతో కోస్తే గీత అలా రాదు. సన్నగా, లోపలికి దిగి, దాని లోపల వెంట్రుకల్లాంటి గీరలు పడతాయి. రెండోది చూశాను, మూడోది చూశాను. ఆ తర్వాతవి భూతద్దం పెట్టకుండానే తెలిసిపోయింది.

"ఏటంటారు?" అన్నారాయన.

ఎండలో ఓసారి చూడాలన్నాను. ఎండ అప్పటికే కిటికీలోంచి నా చేతుల మీద పడుతూనే ఉంది. అవి దొరికిన చోటు కూడా చూపించమన్నాను. ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు. ఆ చోటు చూపించమని అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరట.

గోల్ బజార్

ఆ సాయంత్రం ఆయనకి ఎదురుపడలేక గోల్ బజార్‌కి వెళ్ళాను. పాత బజారు, చీరల కొట్లు, స్టీలు సామాను, గాజులు, మిఠాయిలు. ఎవరి తొందరలో వాళ్ళున్నారు. కొనాల్సిందేమీ లేని మనిషికి బజారులో నడవడం కష్టం. ప్రతి దుకాణంలోనూ ఏం కావాలని అడుగుతారు. దుప్పట్ల కొట్టులో కూర్చుని, ఎవరికోసమో తీసుకుంటున్నట్టు రంగులు చూసి, మళ్ళీ వస్తానని లేచాను.

మూల మీద ఒకామె బుట్టలో వేయించిన పల్లీలు, బొరుగులు అమ్ముతోంది. బొరుగుల్ని ఇక్కడ ముర్రా అంటారు. నా హిందీ విని నవ్వింది. ఎక్కడ నుంచి వచ్చావు, ఒక్కదానివేనా అని అడిగింది. మామూలు ప్రశ్నే. నేను మాత్రం, లేదు, మా ఆయన వెనకాల వస్తున్నాడన్నాను. ఎందుకలా అన్నానో ఇప్పటికీ తెలియదు. ఆమె వెంటనే రెండో పొట్లం కూడా కట్టింది. రెండింటికీ డబ్బులిచ్చి వచ్చాను. ఒకటి నడుస్తూ తిన్నాను. రెండోది సత్యవతికి ఇచ్చాను.

ఎలా చెప్పాలా అని దారంతా ఆలోచించాను. ఈ పని నాకు కొత్తది కాదు. కానీ ఇంతవరకూ చెప్పిన ఇళ్ళలో జనం డబ్బు వస్తుందనో పేరు వస్తుందనో ఆశపడేవాళ్ళు. వాళ్ళకి ఆశ పోతుంది, అంతే. ఈయన ఇంట్లోంచి నేను మనుషుల్ని తీసుకుపోవాలి.

వాగు ఒడ్డు

మర్నాడు ఊరి బయటిదాకా ఆటోలో వెళ్ళి, అక్కడి నుంచి పొలాల మీదుగా నడిచాం. వరి కోసేసి ఉంది. రైలు కట్ట పక్కన పని చేస్తున్న గ్యాంగ్ మనుషులు సన్యాసిరావుగారిని చూసి చేతులూపారు. ఆయన ఛత్తీస్‌గఢీలో ఏదో అన్నారు, వాళ్ళంతా నవ్వారు. తెలుగులో నిదానంగా, వెతుక్కుని మాట్లాడే మనిషి ఆ భాషలో గలగలా మాట్లాడుతుంటే ఇంకెవరినో చూస్తున్నట్టు అనిపించింది.

వాగు మీద చిన్న వంతెన. ఆయన డ్యూటీలో ఉన్న రోజుల్లో ఇక్కడ ఎవరో చదువుకున్నవాళ్ళు డేరాలు వేసుకుని ఒడ్డు తవ్వారట. ఒకరోజు చిన్న ఎముక ముక్క దొరికితే వాళ్ళంతా దాని చుట్టూ చేరి, ముట్టుకోడానికి కూడా భయపడ్డారట. ఇనుము లేని రోజుల్లో మనిషి చేసింది ఇది అని వాళ్ళలో ఒకాయన చెప్పాడు. తర్వాత డేరాలు ఎత్తేసి వెళ్ళిపోయారు, మళ్ళీ రాలేదు. ఈయన మాత్రం వస్తూనే ఉన్నారు. వంతెన మీద పట్టాలు చూసుకుని, కింద కూర్చుని సద్ది తిని, చుట్టూ వెతికేవారు.

దిగేటప్పుడు బురదలో నా చెప్పు తెగింది. ఆయన తన రబ్బరు చెప్పులు విప్పి నాకిచ్చి, వద్దంటున్నా వినకుండా ఉత్త కాళ్ళతో ముందుకు నడిచారు. ఒడ్డు వంగి, నీడగా ఉన్న చోట ఆగారు. మట్టిగోడలో బొరియ లాంటి గుంతలు ఉన్నాయి. ఎక్కువ భాగం ఇక్కడే దొరికాయన్నారు. వంగి, గుంత మొదట్లో చెయ్యి పెట్టి, ఒక ఎముక బయటికి తీసి నా వైపు తిరిగారు. మొహం వెలిగిపోతోంది.

"ఇదిగో, మీ కోసమే ఉన్నట్టుంది."

ఆయన దాన్ని నీళ్ళలో కడిగి, తిప్పి చూశారు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"ఇది పాతది కాదమ్మా. ఇంకా నీసు కొడతంది."

"అవునండీ."

"గీతలు మాత్రం అవే."

"అవేనండీ."

గుంత ముందు మట్టిలో నల్లగా తెల్లగా చారలున్న ముల్లు ఒకటి పడి ఉంది. ఆయనే చూశారు. "సాహీ" అన్నారు. మనం ఏదుపంది అంటాం. దాని ముందు పళ్ళు ఆగకుండా పెరుగుతుంటాయనీ, అరగదీసుకోడానికీ, ఒంటికి కావలసిన ఉప్పు కోసమూ ఎముకలు తెచ్చుకుని బొరియలో దాచుకుంటుందనీ, రెండేసి పళ్ళతో కొరుకుతుంది కాబట్టి గీతలు అలా జంటగా, చక్కగా పడతాయనీ చెప్పాను. పిల్లలకి పాఠం చెప్పే గొంతుతో చెప్పాను. ఇంకో గొంతు దొరకలేదు.

"అన్నీనా?"

"నేను నిన్న చూసినవన్నీ."

"నిన్ననే తెలుసేటి మీకు?"

తెలుసన్నాను. ఆయన ఒడ్డున కూర్చున్నారు. వంతెన మీద బొగ్గు రైలు వచ్చింది. అది పూర్తిగా వెళ్ళిపోయింది.

"అచ్ఛా" అన్నారు చివరికి. "ఇన్నేళ్ళూ నాను మాటాడింది ఏదుపందితోనన్నమాట."

అది విని ఎవరైనా నవ్వొచ్చు. మేమిద్దరం నవ్వలేదు. తిరుగుదారిలో గ్యాంగ్ మనుషులు మళ్ళీ పిలిచారు. ఆయన తలెత్తలేదు.

మళ్ళీ తార్‌బహార్

పొద్దున్న లేచేసరికి సత్యవతి గోడ దగ్గర నిలబడి ఉంది. రాత్రి పెట్టిన పళ్ళెం పెట్టినట్టే ఉంది, పైన మూత పెట్టిన పళ్ళెం మీద మంచు నీళ్ళు. బావగారూ, బావగారూ అని రెండుసార్లు పిలిచింది. ఆమె గొంతులో భయం వినిపించింది. నేను వెళ్ళి తలుపు కొట్టాను.

ఆయన తలుపు తీశారు. అరలన్నీ ఖాళీ. ఎముకలన్నీ నేల మీద ఒక గోనెసంచిలో పోసి ఉన్నాయి. మంచం కింది ట్రంకుపెట్టె కూడా లాగి ఉంది, అందులో మిగిలిన నాలుగైదు ముక్కల్ని కూడా సంచిలో వెయ్యబోతున్నారు. వెయ్యండి గానీ, అన్నీ ఒకసారి చూడనివ్వండి, సగమే చూశానన్నాను. ఇంకా చూడ్డానికి ఏముందన్నట్టు చేత్తో సైగ చేసి, కుర్చీలో కూర్చున్నారు. నేను ఒక్కో ఎముకా బయటికి తీస్తూ పెరట్లో పరిచాను. ఏదుపందిది, ఏదుపందిది, నీళ్ళలో దొర్లి అరిగింది, కుక్కది. చెయ్యి అలవాటుగా పని చేసుకుపోతోంది.

ట్రంకు అడుగున ఉన్న ముక్కని ఆయన అరలో పెట్టుకోనేలేదు. బెత్తెడు పొడుగు, జింక కొమ్ము చివరి మొన. దాని మీద అందమైన గీతలేవీ లేవు. పక్కన పెట్టబోయి, మొదలు వైపు చూశాను. చుట్టూ ఒక గాడి. గాడి దగ్గరే విరిచారు. కొమ్ముని అలా చుట్టూ కోసుకుంటూ వచ్చి విరవడం ఏ జంతువుకీ తెలియదు.

దాన్ని ఎండలోకి తీసుకెళ్ళి భూతద్దం పెట్టాను. గాడి అడుగున వెంట్రుకల్లాంటి గీరలు. మొన వైపు పొడుగ్గా గీకిన చదునులు, పక్కపక్కన. నున్నదనం మొన దగ్గరా, వేళ్ళు పట్టే చోటా మాత్రమే ఉంది. నీళ్ళలో దొర్లిందైతే అంతటా ఉండాలి. కొసన సన్నసన్న గుంటలు, రాయి మీద నొక్కి పెచ్చులు లేపినప్పుడు పడేవి. పాత ఎముక అవునో కాదో చూసుకోడానికి మాకొక మోటు పద్ధతి ఉంది. నాలుక కొసకి ఆనిస్తాం. లోపలి జిగురంతా పోయిన ఎముక నాలుకని పట్టుకుంటుంది. ఆనించాను. పట్టుకుంది.

తలెత్తేసరికి గోడ అవతల సత్యవతి. కాఫీ గ్లాసు పట్టుకుని నా నోటి వైపే చూస్తోంది. గ్లాసు గోడ మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

సన్యాసిరావుగారిని పిలిచి, భూతద్దం ఆయన చేతికే ఇచ్చి చూపించాను. ఇది మనిషి చేసింది, ఇనుప కత్తి తెలియని మనిషి, రాతితో గీకాడు, దీనితో ఇంకో రాయికి పదును పెట్టుకున్నాడు అని చెప్పాను. ఎన్ని వేల ఏళ్ళ కిందటో మాత్రం నేను చెప్పలేను, పరీక్ష చెయ్యాలి.

"నిజమేనా? నా కోసం సెప్తన్నారా?"

"మీ కోసం చెప్పేదాన్నైతే మొన్ననే చెప్పేదాన్ని కదండీ."

ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నారు. చదును చేసిన చోట బొటనవేలు దానంతటదే కుదురుకుంది. కొంచెంసేపు వేలు తీయలేదు.

"ఈడొక్కడ్నే ఎప్పుడూ పలకరించలేదమ్మా నాను" అన్నారు.

మధ్యాహ్నం గోడ మీదికి రెండు పళ్ళేలు వచ్చాయి. రెండోది నాది, ఎముక నోట పెట్టుకున్నదాన్ని కదా. నాకు నవ్వొచ్చింది, కొంచెం బాధా కలిగింది. ఆయన వరండాలో చాప వేశారు. ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. మా ఇంట్లో నేను టీవీ ముందు కూర్చుని తింటాను. ఎదుటి మనిషి పళ్ళెంలోకి చూస్తూ, ఇంకొంచెం పప్పు వేసుకోండి అని అనిపించుకుంటూ తిని ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు. ఆయన కూడా ఆ పూట ఆకలిగా తిన్నారు.

తిన్నాక చెప్పాల్సింది ఇంకొకటి మిగిలింది. అది ఇంట్లో ఉంచుకోవాల్సిన వస్తువు కాదని, ప్రభుత్వ మ్యూజియంలో అప్పజెప్పాలని చెప్పాను. ఆయన చాలాసేపు చాప అంచు సర్దుతూ కూర్చున్నారు.

"అందరూ పోయినారు. మిగిలింది ఈడొక్కడు. ఈడ్ని కూడా అప్పజెప్పీమంటారా?"

చట్టం సంగతి ఎత్తబోయి, పళ్ళేలు తీసి పక్కన పెట్టాను. ఆయన లేచి, ఖాళీ అరల ముందు కాసేపు నిలబడి వచ్చారు.

"నా తరవాత ఈ ఇల్లు కడిగీసేటప్పుడు ఈడు కూడా చెత్తలోకే పోతాడు. పదండి, ఎల్దాం."

మ్యూజియం

అక్కడి అధికారి ముప్ఫై ఏళ్ళ అమ్మాయి. మర్యాదగా కూర్చోబెట్టింది. కొమ్ముముక్కని దీపం కింద పెట్టి, నేను చూసినవన్నీ నేను చెప్పకముందే చూసింది. ఎక్కడ దొరికింది, ఏ గట్టున, ఎంత లోతులో అని సన్యాసిరావుగారిని అడిగితే ఆయన హిందీలో వివరంగా చెప్పారు. పరీక్షలకి పంపాలని, తేలడానికి చాలా కాలం పడుతుందని ఆమె చెప్పింది. దూది పరిచిన చిన్న పెట్టెలో దాన్ని పడుకోబెట్టి, సొరుగు లాగింది.

ఆయన అప్పుడే, జనం చూసే చోట పెట్టరా అని అడిగారు. ఇప్పుడే కాదు, ముందు పరీక్షలు అవ్వాలంది. సొరుగు మూసుకుంది. ఆయన దానివైపు ఒక నిమిషం చూసి, ఆమెకీ సొరుగులోవాడికీ ఇద్దరికీ నమస్కారం పెట్టినట్టు చేతులు జోడించి బయటికి నడిచారు.

బయట టీ తాగాం. చిన్న గాజు గ్లాసు, అల్లం ఘాటు, పది రూపాయలు. గ్లాసు తిరిగిచ్చాక ఆయన కుడిచెయ్యి కోటు జేబులోకి పోయింది. దాన్ని ఇంటి నుంచి తెచ్చింది ఆ జేబులోనే. వెతికి, చెయ్యి బయటికి తీసుకున్నారు.

మర్నాడు నా రైలు. నేను పొద్దున్నే తలంటుకుని వచ్చాక సత్యవతి పులిహోర పొట్లం నా చేతికే ఇచ్చింది, గోడ మీద పెట్టలేదు. ఏమీ అనుకోవద్దండీ అంది. అనుకోలేదన్నాను. రైలు కదిలేటప్పుడు సన్యాసిరావుగారు ప్లాట్‌ఫారం మీద నిలబడి, చెయ్యి ఊపకుండా, చక్రాల వైపు చూస్తున్నారు. పట్టాల మీద బతికిన మనిషి కదా.

నంద్యాల

వచ్చిన కొన్ని వారాలకి, ఒక ఆదివారం రాత్రి, ఆయన ఫోన్ చేశారు. సంచిలోవన్నీ తీసుకెళ్ళి వాగు ఒడ్డునే వేసి వచ్చారట. సత్యవతి పసుపునీళ్ళతో ఇల్లంతా కడిగి దీపం పెట్టిందట. పళ్ళెం ఇప్పుడు లోపలికే తెచ్చి పెడుతోంది. పైడిరాజు డ్యూటీ దిగి రోజూ వచ్చి కూర్చుంటున్నాడు, కూతురు పిల్లల్ని తీసుకుని వచ్చి వెళ్ళింది, చుట్టాలు కూడా ఒక్కొక్కరూ వస్తున్నారు. విని చాలా సంతోషమన్నాను. నిజంగానే సంతోషం వేసింది.

"అందరూ మంచోళ్ళేనమ్మా. ఇంటికొస్తన్నారు, నాకే ఏటి మాటాడాలో తెలీడం లేదు" అన్నారు.

వెనకాల టీవీ మోగుతోంది. ఎవరో నవ్వుతున్నారు. ఆయన ఫోన్ పట్టుకుని పెరట్లోకి వచ్చినట్టున్నారు, ఆ శబ్దం దూరమైంది. మ్యూజియానికి వెళ్ళానని, సొరుగు తీసి చూపించమని అడగడానికి మొహమాటపడి తిరిగొచ్చానని చెప్పారు. తర్వాత గొంతు తగ్గించి అడిగారు.

"ఆడి గురించి ఇంకేటైనా సెప్పండి."

నాకు తెలిసిందంతా అక్కడే చెప్పేశాను. రుజువున్నంత వరకే మాట్లాడటం నా అలవాటు, నా ఉద్యోగం కూడా. అందుకే నా మాటలు ఎప్పుడూ తొందరగా అయిపోతాయి.

కొమ్ము గట్టిది కదండీ, వాడు ముందు దాన్ని నీళ్ళలో నానబెట్టి ఉంటాడు అన్నాను. ఆ వాగులోనే అయ్యుండొచ్చు. పైకి తేలకుండా ఒక రాయి బరువు పెట్టి ఉంటాడు. నానేదాకా చెయ్యడానికి ఏమీ లేదు, ఒడ్డున కూర్చుని ఉంటాడు. పక్కన ఎవరైనా ఉన్నారేమో, లేరేమో. కోసేటప్పుడు ముక్కని ఎడమచేత్తో తిప్పుకుంటూ వచ్చాడు, గాడి ఎక్కడా తప్పలేదంటే తొందరపడే మనిషి కాదు.

"ఊఁ" అన్నారాయన.

ఫోన్ మోగేముందే కంచంలో అన్నం పెట్టుకున్నాను. అది చల్లారిపోతోంది. నేను చెప్తూనే ఉన్నాను.